కంబాలకొండ నల్లికి పేరు పెట్టే ముందు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాను. కంబాలకొండ వైపు మా కాలనీ చివర ఉన్న పొదల ఆకులను తిప్పి చూసినప్పుడు, ఈనెలు చీలే సందుల్లో లేత తెలుపు రంగులో మెరుస్తూ చాలా వేగంగా పరుగెత్తే నల్లులు (మంచపు నల్లులు కావు, మైట్లు) కనిపించాయి. ఇవి మొక్కను తినేవి కావని, ఇతర నల్లులను వేటాడే ఫైటోసీయిడే కుటుంబానికి చెందినవై ఉండవచ్చని మా మేడం చెప్పారు. అంతర్జాలంలో దొరికిన ఫొటోలేవీ వీటితో సరిపోలడం లేదు. ఇది కొత్త జాతి అయితే శాస్త్రలోకానికి ఎలా తెలియజేయాలి? నేను అనుకుంటున్న పేరును కూడా ఈ ఉత్తరంలో రాస్తున్నాను.
– ఒక విద్యార్థిని, ఎండాడ, విశాఖపట్నం

జవాబు: ఫొటోలతో సరిపోలలేదు కాబట్టి కొత్తదేనన్న నిర్ణయానికి రావద్దు. ఈ కుటుంబపు నల్లి పొడవు సాధారణంగా 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు, అంటే ఆవగింజలో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. బతికున్న నల్లి రంగు దాని తిండిని బట్టి మారుతుంది. మొక్కల రసం పీల్చే ఎర్రనల్లిని తిన్నది ఎర్రబడుతుంది, పుప్పొడి తిన్నది పాలిపోయి కనిపిస్తుంది. ఈ కుటుంబంలో ఇప్పటికే పేరు పొందిన జాతులు 2,500కు పైగా ఉన్నాయి, భూతద్దంలో చూస్తే వాటిలో చాలావాటికి తేడా తెలియదు. ఒక జాతిని మరొకదాని నుంచి వేరుచేసేవి వీపు మీది ఫలకంపై (గట్టి పలకపై) ఉండే శూకాల (బిరుసు వెంట్రుకల) అమరిక, వాటి పొడవు, పొట్టవైపు ఫలకాల ఆకృతి, ఆడ నల్లి శరీరం లోపల శుక్రాన్ని నిలవ ఉంచుకునే శుక్రగ్రాహిక నిర్మాణం వంటి లక్షణాలు. ఇవన్నీ స్లైడు మీదికి ఎక్కించిన నమూనాను 400 నుంచి 1,000 రెట్లు పెద్దదిగా చేసి చూస్తేగాని కనబడవు. ఆకు మీద తీసిన ఫొటో ఎంత అందంగా ఉన్నా వీటిలో ఒక్కదాన్నీ చూపలేదు.

అయినా మీ ఆశకు ఆధారం లేదని నేను అనను. మన దేశంలో ఈ నల్లుల మీద జరిగిన పరిశీలన చాలావరకు పంటల చుట్టూ తిరిగింది. పంటను పీల్చే నల్లిని తినేది ఏదో తెలుసుకోవాలన్న అవసరమే అందుకు కారణం. కొబ్బరి, మామిడి, మిరప, వంగ ఆకులను తిప్పి చూసినంత శ్రద్ధగా కొండవాలు పొదల ఆకులను తిప్పి చూసినవారు తక్కువ. పైగా, ఆకు అడుగున ఈనెల సందుల్లో సన్నని నూగుకుచ్చులు గాని చిన్న గుంటలు గాని ఉన్న మొక్కలు ఈ నల్లులకు మంచి నివాసాలు, ఎందుకంటే అక్కడ గుడ్లకు తేమ దొరుకుతుంది, పిల్లలకు దాగే చోటు ఉంటుంది. మీరు వెతకవలసిన చోటే వెతికారు.

అన్నిటికన్నా ముందు అనుమతి సంగతి చూసుకోవాలి. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. మీరు చెప్పిన పొద దాని సరిహద్దుకు ఇవతల ఉన్నదో అవతల ఉన్నదో తేల్చుకోండి. అవతల అయితే అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా నమూనాలు సేకరించకూడదు. రేపు మీరు ప్రచురించే పరిశోధన పత్రంలో సేకరించిన స్థలం, తేదీ, అక్షాంశ రేఖాంశాలు, ఆశ్రయమిచ్చిన మొక్క పేరు అన్నీ రాయవలసి ఉంటుంది గనుక, ఇక్కడ దాటవేసినది అక్కడ బయటపడుతుంది. మొక్క పేరు విషయంలో కూడా ఊహ పనికిరాదు. పూలతో, కాయలతో ఉన్న కొమ్మను ఆరబెట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం వారికి చూపించండి.

ఇక నమూనాల తయారీ. ఆకులను పాలిథిన్ సంచిలో, చెమ్మ పీల్చుకునే కాగితంతో పాటు వేసి చల్లగా ఉంచి తెచ్చుకోవాలి. స్టీరియో సూక్ష్మదర్శిని కింద సన్నని కుంచె మొనను తడిచేసి ఒక్కొక్క నల్లినీ ఎత్తి 70–75 శాతం ఆల్కహాలులోకి వదలాలి. ప్రతి సీసాలోనూ పెన్సిలుతో రాసిన చీటీ ఉండాలి. సిరా ఆల్కహాలులో కరిగిపోతే ఆ సీసాకు విలువ ఉండదు. తరువాత లాక్టిక్ ఆమ్లంలో ఉంచి శరీరాన్ని పారదర్శకం చేసి, హోయర్ మాధ్యమంలో స్లైడుకు ఎక్కిస్తారు. అది 50 మిల్లీలీటర్ల నీరు, 30 గ్రాముల తుమ్మబంక, 200 గ్రాముల క్లోరల్ హైడ్రేట్, 20 గ్రాముల గ్లిజరిన్ కలిపి చేసే మిశ్రమం. క్లోరల్ హైడ్రేట్ విషపదార్థం, దానిని ప్రయోగశాల వెలుపల ఎవరూ కలపరాదు. స్లైడును 45–50 డిగ్రీల వేడిలో కొన్ని రోజులు ఆరనిచ్చి, కవర్‌స్లిప్ అంచు చుట్టూ వార్నిష్ పూయాలి. కొందరు ఈ చివరి పనిని చిన్నదిగా చూస్తారు గాని, మన సముద్రతీరపు గాలిలో హోయర్ మాధ్యమం తేమ లాగేసుకుంటుంది కాబట్టి వార్నిష్ లేని స్లైడు ఎక్కువ కాలం నిలవదు.

నమూనాల్లో ముఖ్యమైనవి ఎదిగిన ఆడ నల్లులు. గుర్తింపు కీలన్నీ, అంటే లక్షణాలను ఒక్కొక్కటిగా చూస్తూ పేరు దాకా తీసుకుపోయే పట్టికలన్నీ, వాటి మీదే ఆధారపడి ఉన్నాయి. గుడ్డు నుంచి వెలువడే ఆరుకాళ్ల డింభకం గాని, ఎదగడానికి ముందు వచ్చే తరువాతి రెండు శాబక దశలు గాని జాతి నిర్ణయానికి చాలవు. మగ నల్లి దొరికితే మంచిదే. దాని కెలిసెరా (నోటి దగ్గరి పట్టకారు లాంటి అవయవం) మీద శుక్రాన్ని బదిలీ చేసే అవయవం ఒకటి ఉంటుంది, దాని ఆకృతి కూడా వర్ణనలో చేరుతుంది. ఒకే ఒక్క నల్లిని చూసి కొత్త జాతిని ప్రకటించడాన్ని జంతువుల పేర్ల నియమావళి నిషేధించదు, కాని నేను దానిని ప్రోత్సహించను. ఒకే జాతిలో ఒక శూకం ఒక నల్లిలో కొంత పొడవుగా, మరొకదానిలో కొంత పొట్టిగా ఉండటం మామూలే. ఆ తేడా ఎంతవరకు సహజమో తెలియాలంటే కనీసం ఏడెనిమిది ఆడ నల్లులనైనా కొలవాలి.

గుర్తింపు కుటుంబంతో మొదలై మెట్టుమెట్టుగా దిగుతుంది. వీపు మీది ఫలకంపై 24 జతల కంటే తక్కువ శూకాలు ఉండటం ఫైటోసీయిడే కుటుంబ లక్షణం. ఈ శూకాలకు జె, జెడ్, ఎస్, ఆర్ అనే లాటిన్ అక్షరాలతో, పక్కన అంకెలతో గుర్తులు ఇస్తారు. ముందు సగంలోని వాటికి చిన్న అక్షరాలు, వెనుక సగంలోని వాటికి పెద్ద అక్షరాలు వాడతారు. ముందు సగంలో చిన్న జెడ్3, చిన్న ఎస్6 అనే రెండు జతలూ లేకపోతే ఆ నల్లి ఆంబ్లిసియినే ఉపకుటుంబానికి చెందుతుంది. వాటిలో ఒక్కటైనా ఉంటే మిగిలిన రెండు ఉపకుటుంబాలైన ఫైటోసియినే, టైఫ్లోడ్రొమినేలలో వెతకాలి. అక్కడి నుంచి ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకు తీసుకుపోయే కీలను చాంట్, మెక్‌మర్ట్రీ అనే శాస్త్రవేత్తలు 2007లో బొమ్మలతో సహా ప్రచురించారు. భారతదేశపు జాతుల కోసం జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1986లో వెలువరించిన ఎస్.కె. గుప్తా సంపుటిని, ప్రపంచ జాతులన్నిటి కోసం 2004 నాటి సూచికను చూడాలి. 2004 తరువాత వచ్చిన పేర్ల కోసం అంతర్జాలంలోని ఈ కుటుంబపు జాతుల భాండాగారాన్ని తప్పక వెతకాలి.

ఈ పనిలో అసలు బరువంతా తరువాతి మెట్టు మీద ఉంది. నల్లి కొత్తదా కాదా అన్నది దానిని ఎంత బాగా చూశామన్న దాని మీద కంటే, అంతకుముందు పేరు పొందిన దాని బంధువులన్నిటితో ఎంత ఓపికగా పోల్చామన్న దాని మీద తేలుతుంది. మీ నల్లి ఏ ప్రజాతిలోకి వస్తుందో తెలిసిన తరువాత, ఆ ప్రజాతిలో దానికి దగ్గరగా ఉన్న ప్రతి జాతి మూల వర్ణనను తెప్పించుకుని చదవాలి. వాటిలో కొన్ని యాభై అరవై ఏళ్ల నాటివి, కొన్ని ఫ్రెంచిలో, పోర్చుగీసులో ఉంటాయి. కొన్నిటిలో శుక్రగ్రాహిక బొమ్మే ఉండదు. అటువంటప్పుడు ఆ జాతి మూల నమూనా, అంటే ఆ పేరుకు ఆధారంగా భద్రపరచిన నల్లి, ఏ సంగ్రహాలయంలో ఉన్నదో కనుక్కుని, అక్కడివారిని అడిగి కొలతలో ఫొటోలో తెప్పించుకోవడం తప్ప మరో దారి లేదు. నెలల తరబడి ఉత్తరాలు రాయవలసి రావచ్చు, జవాబు రాకపోవడమూ ఉంటుంది.

ఈ పోలిక లోపిస్తే ఏమవుతుందో ఈ కుటుంబంలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1957లో అథియాస్-హాన్రియో అనే శాస్త్రవేత్త అల్జీరియాలో దొరికిన ఒక నల్లిని ఫైటోసియులస్ పెర్సిమిలిస్ అనే పేరుతో వర్ణించింది. మరుసటి ఏడాది, చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కలతో పాటు చేరిన నల్లులను డోసె అనే శాస్త్రవేత్త ఫైటోసియులస్ రీగెలి అనే కొత్త జాతిగా ప్రకటించారు. తరువాత పోల్చి చూసినవారు రెండూ ఒకటేనని తేల్చారు. ముందు వచ్చిన పేరే నిలుస్తుందన్న నియమం ప్రకారం 1957 నాటి పేరు నిలిచింది, 1958 నాటిది పర్యాయపదంగా మిగిలింది. ఈనాడు ఎన్నో దేశాల గ్రీన్‌హౌసుల్లో ఎర్రనల్లి మీదికి వదిలే వేటనల్లి ఇదే. ఖండాలు వేరైనంత మాత్రాన జాతులు వేరు కావాలని లేదు. మొక్కల రవాణాతో పాటు నల్లులు కూడా ప్రయాణిస్తాయి.

పోలికలో మీ నల్లి వేరుగానే నిలిచిందనుకుందాం. అప్పుడు వర్ణన రాయాలి. వీపు ఫలకం పొడవు, వెడల్పు, ప్రతి శూకం పొడవు, నాలుగో జత కాళ్ల మీది పెద్ద శూకాలు, ఉదర పాయు ఫలకం (పొట్ట కింద మలద్వారం దగ్గరి పలక) కొలతలు, దాని మీది రంధ్రాల మధ్య దూరం, కెలిసెరా కదిలే వేలి మీది పళ్ల సంఖ్య, శుక్రగ్రాహికలోని ప్రతి భాగం ఆకృతి అన్నీ మైక్రోమీటర్లలో, సగటుతో పాటు కనిష్ఠ గరిష్ఠాలతో ఇవ్వాలి. వీటికి తోడుగా బొమ్మలు గీయాలి. ఫొటో చాలదా అని మీ తరంవారు అడగడం సహజం. కాని సూక్ష్మదర్శిని ఒక్కసారి ఒక్క లోతునే స్పష్టంగా చూపుతుంది, గీసిన బొమ్మ వేర్వేరు లోతుల్లోని వివరాలను ఒకేచోట చూపుతుంది. ఇంత చేసినా, దగ్గరి జాతుల నుంచి ఇది ఏయే లక్షణాల్లో వేరో నేరుగా చెప్పే పేరా లేకపోతే వర్ణన అసంపూర్ణమే. జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి కూడా ఈ భేద నిరూపణను కోరుతుంది.

ఆ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ఇది కొత్త జాతి అని పత్రంలో స్పష్టంగా ప్రకటించాలి. మూల నమూనాను, అంటే హోలోటైప్‌ను, పేర్కొనాలి. అది ఏ సంగ్రహంలో ఉన్నదో లేదా ఉండబోతున్నదో చెప్పాలి. ఎలక్ట్రానిక్ పత్రికలో మాత్రమే వెలువడేటట్లయితే జూబ్యాంక్ అనే అధికార పట్టికలో ముందుగా నమోదు చేసి, ఆ సంగతి పత్రంలోనే చూపాలి. మన దేశపు 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ విభాగం, కొత్త జాతిని కనుగొన్నవారు నిర్దేశిత భాండాగారానికి తెలియజేసి నమూనాలు అక్కడ జమచేయాలని చెబుతోంది. జంతువులకు సంబంధించి కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే అటువంటి భాండాగారం. హోలోటైప్‌ను కళాశాల బీరువాలోనో సొంత ఇంట్లోనో ఉంచుకోవడం పెద్ద పొరపాటు. ముప్పై ఏళ్ల తరువాత మీ మాటను శంకించేవారు మీరు చూసిన నల్లినే తామూ చూడగలగాలి.

మీరు ఉత్తరంలో రాసిన పేరును ఇక్కడ అచ్చువేయడం లేదు, గమనించండి. వర్ణన లేకుండా ఒక పత్రికలో పేరు మాత్రమే వెలువడితే ఆ పేరుకు శాస్త్రంలో హోదా రాదు, తరువాత అయోమయానికి మాత్రం తావిస్తుంది. విలేకరులకు గాని, కళాశాల సంచికకు గాని, పత్రం వెలువడేదాకా ఆ పేరు చెప్పకండి.

ప్రశ్న: కొత్త పురుగునో కొత్త నల్లినో కనుగొన్నామనే వార్తల్లో ఇప్పటికీ వెంట్రుకలు లెక్కపెట్టినట్లు చదువుతున్నాం. డీఎన్‌ఏ పరీక్ష ఉండగా ఈ పాత పద్ధతి ఎందుకు?
– ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: డీఎన్‌ఏ పరీక్ష చేస్తున్నారు, చేయాలి కూడా. చూడటానికి ఒకేలా ఉన్న రెండు జాతులను విడదీయడానికీ, ఒకే జాతిలోని వైవిధ్యాన్ని రెండు జాతులుగా పొరబడకుండా ఉండటానికీ అది బాగా ఉపయోగపడుతుంది. చిక్కు ఎక్కడంటే, పాత పేర్లన్నీ దశాబ్దాల కిందట స్లైడుకు ఎక్కించిన నమూనాలకు ముడిపడి ఉన్నాయి. క్లోరల్ హైడ్రేట్ మాధ్యమంలో ఏళ్ల తరబడి ఉన్న అర మిల్లీమీటరు నల్లి నుంచి పనికివచ్చే డీఎన్‌ఏ రాబట్టడం చాలా కష్టం. కొత్తదాని డీఎన్‌ఏ వరుస మన చేతిలో ఉన్నా, పోల్చడానికి పాతదాని వరుస లేకపోతే అది కొత్తదని ఎలా చెప్పగలం? శూకాలు రెంటిలోనూ ఉన్నాయి, కనుక వాటినే పోల్చాలి. ఇప్పుడు శరీరాన్ని నలగ్గొట్టకుండా డీఎన్‌ఏ తీసి, మిగిలిన తొడుగును స్లైడుకు ఎక్కించే పద్ధతి ఉంది. కొత్తగా సేకరించేవారు రెండు పనులూ ఒకే నల్లితో చేయడమే ఉత్తమం.

ప్రశ్న: కొత్త జాతికి కనుగొన్నవారు తమకు నచ్చిన పేరు పెట్టవచ్చా? తల్లి పేరు, ఊరి పేరు పెట్టడానికి వీలుందా?
– ఒక ఉపాధ్యాయిని, భీమునిపట్నం

జవాబు: వీలుంది, కొన్ని హద్దులకు లోబడి. మొదటి పదం ప్రజాతి పేరు, దానిని మీరు ఎంచుకోలేరు. రెండో పదం మీది. అది లాటిన్ అక్షరాల్లో ఉండాలి, అదే ప్రజాతిలో అంతకుముందు మరో జాతికి వాడినదై ఉండకూడదు. పురుషుడి పేరుకు చివర ఐ అనే అక్షరం, స్త్రీ పేరుకు ఏ, ఈ అనే అక్షరాల జంట చేరుస్తారు కాబట్టి మీ అమ్మగారి పేరు నిక్షేపంగా పెట్టవచ్చు. ఊరి పేరుకు ఎన్సిస్ అనే ప్రత్యయం చేరుతుంది. కొబ్బరి, ఇతర తోటల్లో విస్తారంగా కనిపించే వేటనల్లి ఆంబ్లిసియస్ లార్గోఎన్సిస్‌కు 1955లో ఆ పేరు ఫ్లోరిడాలోని కీ లార్గో ద్వీపాన్ని బట్టి వచ్చింది. ఆంబ్లిసియస్ స్విర్‌స్కియి పేరులో ఇజ్రాయెల్ కీటక శాస్త్రవేత్త స్విర్‌స్కి ఉన్నారు. 1962లో వర్ణించిన ఆ నల్లి, తెల్లదోమ మీద, తామర పురుగు మీద వదలడానికి 2005 ప్రాంతంలో గాని అంగడి సరుకు కాలేదు. తన పేరు తానే పెట్టుకోవడాన్ని నియమావళి నిషేధించలేదు గాని, శాస్త్రవేత్తలు దానిని హుందాతనంగా భావించరు. నా అభిరుచి అడిగితే, శరీర లక్షణాన్ని గాని స్థలాన్ని గాని చెప్పే పేరు మేలు. తరువాత వచ్చేవారికి అది కాస్త దారి చూపుతుంది.

ప్రశ్న: మా మేడ మీద కుండీల్లో వంగ, బెండ, గులాబీ పెంచుతున్నాను. ఆకులు పసుపు చుక్కలు పడి, అడుగున సన్నని గూడు కడుతున్నాయి. ఎర్రనల్లి అని చెప్పి దుకాణదారు మందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా నల్లి పెరిగిందే గాని తగ్గలేదు. నల్లిని తినే నల్లి ఉంటుందని విన్నాను. అది మా మేడ మీద కూడా ఉంటుందా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఉండే అవకాశం బాగా ఉంది, మీరు కొట్టిన మందు దానిని ముందుగా చంపి ఉండకపోతే. చాలా పురుగుమందులు, ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్లు, ఎర్రనల్లి కంటే దానిని తినే నల్లికి ఎక్కువ హాని చేస్తాయి. శత్రువు లేని చోట ఎర్రనల్లి మునుపటికంటే వేగంగా పెరుగుతుంది. మీరు చూసినది బహుశా అదే.

పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దంతో ఆకు అడుగు భాగం చూడండి. గూడులో కదలీ కదలకుండా, వీపు మీద రెండు మచ్చలతో గాని నిండు ఎరుపుతో గాని ఉన్నవి మొక్కను పీల్చేవి. వాటి గుడ్లు గుండ్రంగా ఉంటాయి. వాటి మధ్య నునుపుగా మెరుస్తూ, ముందు కాళ్లను మీసాల్లా చాచి, ఆగకుండా పరుగెత్తేవి వేటనల్లులు. వాటి గుడ్లు కోలగా, కొంచెం పెద్దగా, ఎక్కువగా ఈనెల పక్కన ఉంటాయి. వేటనల్లికి కళ్లు లేవు. నల్లి పీల్చిన మొక్క గాలిలోకి వదిలే వాసనలను పట్టుకుని అది ఎరను చేరుకుంటుంది. మన ప్రాంతపు కూరగాయల మీద ఎర్రనల్లిని తినే నియోసియులస్ లాంగిస్పినోసస్ సాధారణంగా కనిపించే జాతి.

వేటనల్లి గుడ్లు పొదగడానికి గాలిలో తేమ కావాలి. ఎర్రనల్లికి పొడి వేడి, ఆకు మీది దుమ్ము అనుకూలం. విశాఖ సముద్రపు గాలి ఈ విషయంలో మీ పక్షాన ఉంది, రోడ్డు దుమ్ము ఎదుటి పక్షాన ఉంది. అందుచేత మందు ఆపి, రోజు విడిచి రోజు పొద్దున్నే ఆకుల అడుగు భాగానికి తగిలేటట్టు నీటిని గట్టిగా చిమ్మండి. బాగా గూడు కట్టిన ఆకులను తుంచి పారవేయండి, కాని పారవేసే ముందు భూతద్దంతో చూసి, వేటనల్లులున్న ఆకును పక్క మొక్కకు తగిలించండి. తడిసే గంధకపు పొడి ఎర్రనల్లి మీద పనిచేస్తుంది గాని కొన్ని వేటనల్లులకు అది కూడా హానికరం; నీటితో రెండు వారాలు ప్రయత్నించి, అప్పటికీ వేటనల్లి జాడ లేకపోతేనే దాని జోలికి వెళ్లండి.